రెండోసారి కొన్న మనిషి

"నాకొకటి తీసిపెట్టు. మొదటిది నేనే కొంటాను," అంది గిరిజమ్మ, కూతురి సంచిలో సజ్జరొట్టెల మూట దూరుస్తూ.

"నువ్వు కొంటే లెక్కలోకి రాదమ్మా," అంది రజిని.

"ఏమ్మే, నాది మాత్రం డబ్బు కాదా?"

"మా ప్రేమ్ కుమార్ సారు అట్ల పెట్టినాడు రూలు. అయినోళ్లు కొంటే లెక్క లేదు. ముక్కూ మొగం తెలీనోళ్లు కొనాల. కొన్నోళ్లే మళ్లా వచ్చి ఇంగోటి కొనాల. అప్పుడే పాసు."

రజిని కర్నూలులో ఎంబీఏ చదువుతోంది. వ్యాపారాన్ని క్లాసులో కాదు, బజారులో నేర్పాలని ఆ సారు పట్టుదల. పిల్లలను జట్లు చేసి, ఒక్కో జట్టుకూ ఒక నిజమైన కంపెనీ సరుకు అప్పగించాడు. రజిని జట్టుకు ఎమ్మిగనూరు చేనేత కంపెనీ ఒకటి కొత్తగా తెచ్చిన ప్రయాణపు దుప్పటి వచ్చింది. పలచన, మెత్తన. మడిస్తే చేతిసంచిలో ఒదిగిపోతుంది.

"ఎవరూ రెండోసారి రాకపోతే?"

"ఉగాది దాకా చూస్తారంట. రాకపోతే కంపెనీ ఆ దుప్పటే మానుకుంటాది. నేసేటోళ్లకూ ఆ మాట చెప్పేసినారు. మేమైతే ఫెయిలు."

"ఇదేం సదువే తల్లీ!"

గిరిజమ్మ సంచి జిప్పు లాగింది. మళ్లీ తెరిచి, ఓ నిమ్మకాయ వేసి, మళ్లీ లాగింది. ఇంట్లోంచి ఎవరు బయల్దేరినా ఆమె చేతులు ఒకపట్టాన సంచిని వదలవు.

"ఆదోనికేనమ్మా పోతాండేది. అమెరికాకు కాదు," అని నవ్వి, రజిని చిప్పగిరిలో బస్సెక్కింది.

ఆదోని బస్టాండు బయట జట్టులోని ముగ్గురూ బల్ల వేశారు. ఈరేష్ దుప్పట్లు పరిచాడు. జాషువా అట్టముక్క మీద ధర రాసి నిలబెట్టాడు. పిలవాల్సింది రజిని.

"దుప్పట్లు..." అంది రజిని.

"పక్కనుండే నాకే ఇనపడల్యా," అన్నాడు జాషువా.

అంతలో ఒక ముసలాయన వచ్చి నిలబడ్డాడు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు. అట్ట మీది ధర చదివి ముఖం చిట్లించాడు.

"ఇంతేనా? ఇంత తక్కువకు ఎట్లిస్తాండారప్పా?"

ఈరేష్‌కు నవ్వు ఆగలేదు. "తాతా, బేరమాడేది తగ్గించేదానికి. పెంచేదానికి కాదు."

"నాకేం తెలుసప్పా? దుప్పటి కొనేది ఇదే మొదులు."

చెప్పిన ధర ఇచ్చి, దుప్పటి చంకలో పెట్టుకుని రజిని వైపు తిరిగాడు.

"పాపా, గుడ్డ బాగుంది. నువ్వే దొంగసొత్తు అమ్మినట్ల అమ్ముతాండావు."

రజినికి రోషం పొడుచుకొచ్చింది. "దుప్పట్లమ్మా దుప్పట్లు! కప్పుకుంటే దుప్పటి, మడిస్తే చేతిగుడ్డ!" అని ఒక్క అరుపు అరిచింది.

నిలిచున్న బస్సులో కిటికీలన్నీ ఇటు తిరిగాయి. కండక్టరు దిగొచ్చి ఒకటి కొన్నాడు.

"అద్దీ!" అని చప్పట్లు కొట్టి, ముసలాయన జనంలో కలిసిపోయాడు.

ఆ తర్వాత అమ్మకాలకు లోటు లేదు. పెద్దకడుబూరు పెళ్లివాళ్లు కొన్నారు. కైరుప్పల నుంచి వచ్చిన కుర్రాళ్లు కొన్నారు. కొన్నవాళ్లు మాత్రం మళ్లీ రాలేదు.

"ఉండేది చినిగితే కదమ్మా ఇంగోటి?" అన్నాడు కండక్టరు.

"అంత మంచిగా ఎందుకు నేసినారో!" అని జాషువా తల పట్టుకున్నాడు.

ఉగాది దగ్గర పడింది. ముగ్గురికీ అన్నం సయించడం లేదు.

అప్పుడు మళ్లీ వచ్చాడు ముసలాయన. కాస్త చిక్కినట్టున్నాడు. బల్ల పట్టుకుని నిలబడ్డాడు.

"ఇంగోటి ఇయ్యి పాపా."

రజిని ఒక దుప్పటి తీసి ఆయన చేతిలో పెట్టింది. వెంటనే సారుకు ఫోన్ కలిపింది.

"మీ చుట్టమా?" అని అడిగాడు ప్రేమ్ కుమార్.

"తాతా, నువ్వు మాకేమన్నా చుట్టమా?"

"మీకా? మీకు నేనేమవుతాను? ఏమీ కాను."

"పరాయి మనిషే సార్!"

"ఇంకేం మరి? పాసు!"

ఈరేష్ ముసలాయన చేతులు పట్టుకుని గిర్రున తిప్పబోయాడు. "పడతానప్పా, పడతాను!" అని ఆయన నవ్వాడు. జాషువా ఒక దుప్పటి తలకు చుట్టుకుని చిందేశాడు. టీకొట్టాయన ఏమిటో తెలియకుండానే చప్పట్లు కొట్టాడు. రజిని టీ తెచ్చి ఇచ్చింది. ఆయన నిదానంగా తాగి, ముగ్గురినీ ఒకసారి చూసుకుని, బస్సెక్కాడు. ఆ సంబరంలో ఎవరూ పేరు అడగలేదు.

ఉగాది దాటింది. కంపెనీ ఇంకా ఎక్కువ దుప్పట్లు నేయిస్తామంది. ఆ పెద్దాయనను పట్టుకొస్తే శాలువా కప్పుదామన్నాడు సారు. బస్టాండంతా వెతికారు. కనబడలేదు.

"పోనీ, నేసిన వాళ్లకన్నా తీపి పెట్టొద్దాం," అంది రజిని.

లడ్డూలు తీసుకుని ఎమ్మిగనూరు పోయారు. కంపెనీవాళ్లు చూపిన ఇంట్లో నాగవేణి అనే ఆమె మగ్గం గుంటలోంచి తలెత్తింది.

"అక్కా, మీ దుప్పటి గెలిచింది! నోరు తెరువు!" అన్నాడు ఈరేష్.

"నేను మొన్ననే కూచున్యాను ఈ మగ్గం మింద. అన్నీ మా మామ తిక్కయ్య నేసినవే." ఆమె ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. "ఆదోని పిల్లోళ్లు మీరేనా? ఎప్పుడన్నా ఈ పక్క వస్తే ఒకటే అడగమని చెప్పినాడు. ఆ పాసు నిలబడిందా?"

"నిలబడింది. ఆయన మమ్మల్ని యాడ చూసినాడు?" అంది రజిని.

"బస్టాండులో."

రెండు దుప్పట్లు కొన్న ఆ పరాయి మనిషి, వాటిని నేసిన తిక్కయ్య, ఉగాది ముందరి సోమవారం కర్నూలు ఆసుపత్రికి పోయినవాడు మళ్లీ తిరిగి రాలేదు.