ముందుగ్లాసు

జగ్గు బోర్లా పడింది.

లేత ఆకుపచ్చ రసమంతా పార్కు బెంచీ మీదుగా కారి, లైబ్రేరియన్ కొత్త బూట్లలోకి దిగింది.

"అయ్యయ్యో, చెయ్యి తగిలిందండీ" అంది పడేసినావిడ. ఆమె మొహంలో మాత్రం నొచ్చుకున్న జాడ లేదు.

లైబ్రేరియన్, దర్జీ, బ్యాంకావిడ చిన్ననాటి స్నేహితురాళ్లు. పొద్దున్నే ముగ్గురూ కలిసి నడుస్తారు. నడక అయ్యాక, వంతు వచ్చినవాళ్లు ఒంటికి మంచిదని ఎక్కడో విన్న రసమొకటి చేసి తెస్తారు, ఎలా చేశారో చెబుతారు. మొహం చిట్లించకుండా తాగినవాళ్లకి మిగతావాళ్లు చప్పట్లు కొట్టాలి. అదీ నియమం.

జగ్గు పడేసినావిడ ఈమధ్యే వచ్చి చేరింది. ఏ వీధో, ఏం చేస్తుందో ఎవరూ అడగలేదు. జగ్గు మూత తీయడమే ఆలస్యం, "ముందు నాకు పోయండి" అంటూ తన గ్లాసు చాపేది. నీలం అంచు పింగాణీ గ్లాసు. ఒకచోట పెచ్చు లేచింది. ఒక్క గుక్క తాగి, కాసేపు నాలుక మీద ఆడించి, "ఊఁ, కానివ్వండి" అనేది. తానే అందరినీ విందుకి పిలిచినట్టు!

బ్యాంకావిడ ఆమెకి 'ముందుగ్లాసు' అని పేరు పెట్టింది.

ఇవాళ దర్జీ వంతు. మేడ మీద తన చేత్తో పెంచిన సొరపాదు తొలి కాపు. పచ్చి రసం తీసి, పసిబిడ్డని ఎత్తుకొచ్చినంత పదిలంగా తెచ్చింది.

ముందుగ్లాసు ఒక గుక్క నోట్లో పోసుకుంది. వెంటనే ఉమ్మేసింది. ఆ మరుక్షణమే జగ్గు పడింది.

"చేదుగా ఉందండీ. ఆ పాదు కాయలు వాడకండి."

దర్జీ ఒంటికాలి మీద లేచింది.

"మందు చేదుగా కాక తియ్యగా ఉంటుందా? తీపే కావాలంటే మిఠాయి కొట్టుకెళ్లండి!"

"అది కాదమ్మా, మా చెల్లి కూడా..."

"మీ చెల్లి సంగతి మాకెందుకండీ?" లైబ్రేరియన్ అడ్డుపడింది. బూట్లు తడిసిన చిరాకుకి, స్నేహితురాలి కళ్లలో నీళ్లు చూసిన కోపం తోడై నోరు జారింది. "ఊరికే వస్తోంది కదా అని అందరికంటే ముందు ఎగబడతారు. ఒక్కనాడైనా మీరొక రసం చేసుకొచ్చారా? రేపట్నుంచి మా జోలికి రాకండి."



"రాను. ఆ కాయల రసం మాత్రం తాగకండి" అని ఆవిడ వెళ్లిపోయింది.

గ్లాసు బెంచీ మీదే మర్చిపోయింది. కనిపిస్తే ఇచ్చేద్దామని లైబ్రేరియన్ దాన్ని సంచిలో పడేసుకుంది.

ఆవిడ మళ్లీ కనిపించలేదు.

దర్జీ వంతు మళ్లీ వచ్చింది. పంతం కొద్దీ అదే పాదు కాయ తెచ్చింది.

"ముందు నాకు పోయండి!" బ్యాంకావిడ గొంతు మార్చి అచ్చం ఆవిడలాగే అంది. ముగ్గురూ పడీపడీ నవ్వారు.

తీరా పోశాక బ్యాంకావిడ పెదవి తడుపుకుని, "నావల్ల కాదే తల్లీ" అని గ్లాసు దించేసింది. లైబ్రేరియన్ అర గుక్క దిగమింగేసరికే కడుపులో తిప్పింది.

దర్జీ మొహం చిన్నబోయింది. "అంత కష్టపడి పెంచానే. పారబోస్తారా?"

"నువ్వు తాగి చూపించవే మరి" అంది లైబ్రేరియన్. "మొహం చిట్లించావో, చప్పట్లు ఉండవు."

దర్జీ తన గ్లాసు ఖాళీ చేసింది. లైబ్రేరియన్ చేతిలోది కూడా లాక్కుని గటగటా తాగేసింది. మొహం చిట్లించలేదు.

ఇద్దరూ చప్పట్లు కొట్టారు.

ఇంటికి చేరకముందే దర్జీ దారిలో కూలబడింది. వాంతులు ఆగలేదు. కాసేపటికి అందులో నెత్తురు కనిపించింది.

"చేదెక్కిన సొరకాయ విషమండీ" అన్నాడు ఆసుపత్రిలో డాక్టరు. "కొన్ని పాదులు అలా కాస్తాయి. నాలుకకి చేదు తగలగానే ఉమ్మేయాలి. ఈవిడ రెండు గ్లాసులు తాగారా? బీపీ బాగా పడిపోయింది. ఇప్పుడే ఏమీ చెప్పలేను."

అద్దం తలుపు అవతల దర్జీ కదలకుండా పడి ఉంది. ఆమె మెడలోంచి తీసి ఇచ్చిన కొలతల టేపుని లైబ్రేరియన్ వేలికి చుడుతోంది, విప్పుతోంది. అది లేని ఆ మెడని ఆమె ఏనాడూ చూడలేదు.

బ్యాంకావిడ ఏడ్చి ఏడ్చి, "గొంతెండిపోతోందే" అంది.

లైబ్రేరియన్ సంచిలోంచి నీళ్ల సీసా తీసింది. తడుముతుంటే నీలం అంచు గ్లాసు చేతికి తగిలింది. అందులోనే పోసి ఇచ్చింది.

అటుగా వెళ్తున్న పెద్ద నర్సు టక్కున ఆగింది.

"ఈ గ్లాసు మీ దగ్గరికెలా వచ్చింది?"

"ఒకావిడ మా దగ్గర మర్చిపోయింది. మీకు తెలుసా?"

"తెలియకేం? ఆవిడ మీతో ఉండగా ఇలా ఎలా జరిగింది?"



"మేమే... రావద్దన్నాం" అంది లైబ్రేరియన్.

నర్సు గ్లాసు అందుకుని, పెచ్చు లేచిన చోట వేలితో తడిమింది.

"ఇది ఆవిడ చెల్లెలిదమ్మా. స్నేహితులు చేసిచ్చిన సొరకాయ రసం ఇందులోనే పోసుకు తాగింది. ఆ గదిలోనే, నా చేతుల్లోనే పోయింది."

అద్దం తలుపు వైపు ఒకసారి చూసి, గ్లాసుని లైబ్రేరియన్ చేతిలో పెట్టింది.

"అప్పట్నుంచీ ఎక్కడ నలుగురు కూడి రసాలు తాగుతున్నా ఆవిడ వెళ్లి చేరుతుంది, ఏదైనా అయితే ముందు తనకే అవ్వాలని, మొదటి గుక్క తనే తాగుతుంది."