నల్లద్దాల వ్యాను

వ్యాను ఆ రోజు కూడా పొద్దున్నే వచ్చింది.

"వచ్చేత్తన్నారు దొంగలు!" అని కన్నబాబు అరిచాడు. ధర్నా టెంటులో కూర్చున్న వాళ్ళంతా లేచి జెట్టీ గేటు వైపు పరుగెత్తారు. అందరికంటే ముందు పోలిరాజు ఉన్నాడు.

తొంభై ఎనిమిది వేసవిలో ఆ ఓడల కంపెనీ తన మనుషులందరినీ ఒక్క పూటలో తీసేసింది. అండమాన్ వెళ్ళే ఓడల మీద తాళ్ళు లాగే కళాసీలు, వంటవాళ్ళు, గదులు ఊడ్చేవాళ్ళు, ఒడ్డున ఉండి దుప్పట్లు ఉతికేవాళ్ళు, ఎవర్నీ మిగల్చలేదు. మర్నాటి నుంచే ఏదో ఏజెన్సీ సగం జీతానికి కొత్తవాళ్ళని తెచ్చి దింపడం మొదలుపెట్టింది. వాళ్ళెవరో ఎవరికీ తెలియదు. ఎలమంచిలి వైపు వాళ్ళని ఒకరు, కాదు ఒరిస్సా వాళ్ళని ఇంకొకరు. వ్యానుకి నల్లద్దాలు. లోపల ఉన్న మొహాలు కనబడేవి కావు. గేటు దాటి లోపలికి పోయాకే మనుషులు దిగేవాళ్ళు.

పోలిరాజుది జాలరిపేట. తాత, తండ్రి తెప్ప మీద బతికినవాళ్ళు. ఆ ఇంట్లో నెలజీతం మొహం మొదట చూసింది అతనే. అది కాస్తా పోయాక భార్య గౌరీశ్వరి ద్వారకా నగర్‌లో ఆడపిల్లల హాస్టల్లో వంటకి కుదిరింది. ఇద్దరు పిల్లలకీ ఆ వంటే ఆధారం. పెళ్ళాం కూడు తింటున్నానన్న ఉక్రోషమంతా పోలిరాజు గొంతులోకి వచ్చేది. టెంటులో అతను అరిచినట్టు ఇంకెవరూ అరిచేవారు కారు.

ఆ పొద్దున రాయి విసిరింది కూడా అతనే.

కిటికీ అద్దం భళ్ళుమంది. లోపల ఎవరో కెవ్వుమన్నారు. వ్యాను ఆగలేదు, గేటులోకి దూసుకుపోయింది. వెనక ఈలలు, కేకలు. కన్నబాబు వచ్చి పోలిరాజుని వాటేసుకున్నాడు.

"గురంటే నీదే బావా! రేపట్నించి ఒక్కడొత్తాడేటి, సూడు!"

పోలిరాజు నవ్వాడు. సాయంత్రం ఇంటికి బయల్దేరే దాకా నవ్వుతూనే ఉన్నాడు.

మర్నాడు అతను టెంటుకి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

తర్వాత వచ్చాడు గానీ, వచ్చింది పాత పోలిరాజు కాదు. ఒక మూల కూర్చున్నాడు. టీ ఇస్తే చల్లారిపోయేదాకా పట్టుకునే ఉన్నాడు. వ్యాను చప్పుడు వినబడగానే మాత్రం అందరికంటే ముందు లేచి, రోడ్డు మీదికి పోయి అడ్డంగా నిలబడ్డాడు. వ్యానుకి కాదు, తనవాళ్ళకి.

"రాళ్ళొద్దు," అన్నాడు.

"ఏటైనాది బావా నీకు?"

"అరవండి. తిట్టండి. రాయి మాత్రం ఎవుడూ ముట్టుకోకండి."

కన్నబాబు తెల్లబోయాడు. "మన నోటికాడ కూడు లాక్కున్నోళ్ళు ఆళ్ళు. ఆళ్ళ మీద జాలేటి?"

"ఆళ్ళకీ పిల్లలుంటారు కద బావా."

"మనకి నేరేటి పిల్లలు?"

వ్యాను పక్కనుంచి పోయింది. పగిలిన కిటికీకి అట్టముక్క కట్టి ఉంది. అది దాటిపోయేదాకా అతను తలెత్తలేదు.

ఇంకో రోజు వెనక నుంచి ఎవరో విసరనే విసిరారు. పోలిరాజు ఎగిరి అడ్డం పడ్డాడు. రాయి అతని భుజానికి తగిలింది. చొక్కా చిరిగి రక్తం వచ్చింది.

ఇక గుసగుసలు మొదలయ్యాయి.

సంఘం కార్యదర్శి శ్రీరామ్మూర్తి అతన్ని పక్కకి పిలిచాడు. గోదావరి జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి, నెమ్మదస్తుడు.

"ఆ రోజు దెబ్బ తగిలినవాళ్ళకి ప్రాణం మీదికేం రాలేదటయ్యా. పన్లోకి కూడా వస్తున్నారట. ఎందుకింత కుమిలిపోతావు?"

"మచ్చ ఉండిపోతాది బాబూ."

"నీ మనసులో ఏముందో ఆ మాట వాళ్ళందరి ముందూ చెప్పు. లేకపోతే అమ్ముడుపోయావంటారు. నేను ఆపలేను."

పోలిరాజు టెంటు వైపు తిరిగాడు. అందరూ అతన్నే చూస్తున్నారు. వంగి చెప్పులు వెతుక్కున్నాడు.

"ఏటి సెప్తాడు?" కన్నబాబు లేచాడు. అతని కళ్ళలో నీళ్ళున్నాయి. "తినేసినాడు, ఏజెన్సీవోళ్ళ డబ్బు తినేసినాడు. ఎల్లిపో బావా. ఎల్లి ఆ వ్యానే ఎక్కు."

పోలిరాజు చెప్పులు వేసుకున్నాడు. పోతూ పోతూ కన్నబాబు భుజం తాకబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. బీచి రోడ్డు పట్టుకుని నడుచుకుంటూ ఇంటికి చేరాడు.

గౌరీశ్వరి పని నుంచి అప్పుడే వచ్చినట్టుంది, గుమ్మంలో కూర్చుని చేపలు తోముతోంది.

"బేగి వచ్చేసినావేటి?"

"ఇంక టెంటుకి ఎల్లను."

ఎందుకని ఆమె అడగలేదు. చేతులు కడుక్కుని కంచం పెట్టింది.

రాయి విసిరిన సాయంత్రం, హాస్టల్లో కాలు జారి పడ్డానంటూ వచ్చిన ఆమె నుదుటి గాయంలోంచి నల్లద్దం పెంకుని పోలిరాజు తన వేళ్ళతోనే తీసి పారేసిన దగ్గర్నుంచీ, ఆ ఇంట్లో ఇద్దరూ ఒకర్నొకరు ఎందుకని అడగడం మానేశారు.