పిడి లోపలి తుప్పు

"దసరా పూజకు నా జపాన్ కత్తి అద్దం లెక్క మెరవాలె. పిడి ఊడగొట్టి, ఇటుక పొడి పెట్టి తోము."

విఠల్‌రావు పటేల్ హుకుం అది. హైదరాబాద్‌ల ఓ దళారి దగ్గర కొన్న కత్తి. మూడు వందల ఏండ్ల కిందిదని మానుకోటల ఎవరొచ్చినా చూపిస్తడు.

నేను వెల్డింగ్ షాపుల పనోణ్ని. పిడి ఊడగొట్టిన. లోపలి ఇనుముకు నల్లటి తుప్పు దట్టంగ పట్టి ఉంది. అది చూసి పటేల్‌కు రోషమొచ్చింది. ఇటుక పొడి తీసుకొని తనే తోమబోయిండు.

నేను గబుక్కున చెయ్యి పట్టుకున్న.

"పైన కనపడేది ఎంతన్న తోము పటేలా. గీ తుప్పు జోలికి మాత్రం పోకు. జపాన్ కత్తి వయసు గీ తుప్పు చూసే చెప్తరు. గిది పోతే నీ కత్తిని ఎవడూ దేకడు."

"పది ఫెయిలైనోడివి, నాకు చెప్తున్నవా?"

"నన్ను నమ్మకు. ఫోన్ల చూస్కో."

చూసిండు. నేను చెప్పిందే ఉంది. ఇటుక పొడి పక్కకు పెట్టిండు. ఆరేండ్ల సంది నన్ను వాకిట్ల నిలబెట్టి మాట్లాడేటోడు, ఆ రోజు కుర్సీ ఏసి, "ఏమే, తమ్మునికి చాయ్ తే" అని లోపలికి కేకేసిండు.

చాయ్ తాగి, పిడి మళ్ల బిగించి వచ్చిన.

ఆ దళారికి కత్తులు చేసిచ్చేది నేనే. ఆ తుప్పు కోసం నాలుగు నెలలు ఉప్పునీళ్లు చల్లిన. తోమితే దాని కింద లారీ స్ప్రింగు కమాన్ పట్టీ మీది కంపెనీ నంబరు బయటపడేది.