పట్టూ విడుపూ

“ఆ బోర్డు ఇవాళే దిగాలి. గది రేపటికల్లా ఖాళీ అవ్వాలి!” మేనమామ గుమ్మంలో నిలబడే ఉరిమాడు.

గది ఆయనదే. లోపల ఉన్నది ముగ్గురు. సంఘం నడిపే మేనకోడలు, చక్రాల కుర్చీలో లెక్కల మాస్టారు, చేతికర్ర పక్కన పెట్టుకుని టైలరమ్మ. మేనకోడలిని ఇంట్లో అందరూ పిడుగు అనే పిలుస్తారు. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ముగ్గురిదీ ఒకటే జబ్బు. సంఘం ఆ జబ్బున్నవాళ్లదే, బయటి బోర్డు మీద ఉన్నదీ దాని పేరే. అరుదైనది, కన్నవాళ్ల నుంచి పిల్లలకు వచ్చేది. కండరాల్లో సత్తువ మెల్లగా తగ్గిపోతుంది. పైగా పిడికిలి గట్టిగా బిగిసిందంటే మనం విప్పమన్నప్పుడు విప్పుకోదు, దానికి బుద్ధి పుట్టినప్పుడు విప్పుకుంటుంది. అందుకే ఆ ఆఫీసు తలుపులకు గుండ్రటి పిడులు ఉండవు. టీ గ్లాసు ఎవరి చేతికీ ఇవ్వరు, బల్ల మీద పెడతారు. ఆ మధ్య ఇద్దరు కొత్త సభ్యులు తెలియక చేతులు కలిపారు. అవి విడిపడేసరికి ఒకరి పిల్లల చదువులు, ఒకరి అత్తగారి గొడవలు మరొకరికి పూర్తిగా తెలిసిపోయాయి.

“ఏమైంది మావయ్యా?”

“ఇంకా ఏమవ్వాలే? సెలూన్లో కూర్చుంటే పక్కవాడు అడుగుతాడూ, ‘మీ వంశంలో ఏదో జబ్బుందటగా, మీక్కూడానా?’ అని! సగం గడ్డంతో లేచి వచ్చేశాను.”

నిజమే, ఎడమ చెంప నున్నగా ఉంది, కుడి చెంప గరుగ్గా ఉంది. పిడుగు పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది.

“ఉన్నమాట చెబితే ఉలుకెందుకు మావయ్యా?”

“మాకెక్కడుందే ఉండడానికి? నీకొచ్చింది మీ నాన్న వైపు నుంచి.”

“నాన్న వైపు అందర్నీ పరీక్ష చేయించాం. ఒక్కరికీ లేదు.”

“సరిగ్గా చేసుండరు!”

పిడుగుకు నవ్వు ఎగిరిపోయింది. ఆ వీధిలో మెట్లు లేని గది అదొక్కటే. మాస్టారి కుర్చీ రోడ్డు మీంచి తిన్నగా లోపలికి వస్తుంది. జబ్బు పేరు కొత్తగా విన్నవాళ్లు ఏడుస్తూ వచ్చి, ఇక్కడ నలుగురితో మాట్లాడి, కళ్లు తుడుచుకుని వెళతారు. మిగతా గదులన్నీ మేడల మీదే. ఈ గది పోతే సంఘం పోయినట్టే. ఆమెకు నిజంగానే భయం వేసింది.

టైలరమ్మ గొంతు సవరించుకుంది. “బతిమాలుకోండి మేడం. చెయ్యి పట్టుకుని బతిమాలుకోండి.”

ఆ మాటకు మాస్టారు గబుక్కున కిటికీ వైపు తిరిగిపోయారు. నవ్వు దాచుకోవాలంటే ఆయనకు కిటికీయే గతి. కాదన్నవాళ్ల మీద సంఘం ప్రయోగించే బ్రహ్మాస్త్రం అదే మరి. గుమ్మం ముందు చక్రాల కుర్చీ ఎక్కే వాలుదారి వచ్చిందీ అలాగే. అది కుదరదన్న మున్సిపాలిటీ ఇంజనీరు ఇప్పటికీ ఈ వీధిలోకి వస్తే రెండు చేతులూ జేబుల్లో పెట్టుకునే నడుస్తాడు.

పిడుగు వెళ్లి మేనమామ కుడిచెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. “నీ చెయ్యి పట్టుకుని అడుగుతున్నా మావయ్యా. ఈ గది మాకు ఉంచు.”

“కుదరదంటే కుదరదు. చెయ్యి వదులు.”

“వదలాలనే ఉంది. వేళ్లు నా మాట వినడం లేదు.”

ఆ మాట అన్నప్పుడు అది నిజమే. కాసేపటికి అబద్ధమైంది. వేళ్లు ఎప్పుడో వదులయ్యాయి, పిడుగు మాత్రం వదల్లేదు.

“ఎంతసేపు పడుతుందే?” మేనమామ కంగారుపడ్డాడు.

“మనసులో దిగులుంటే చాలాసేపు పడుతుందండీ,” అన్నారు మాస్టారు కిటికీతో. ఏ వైద్యుడూ ఎరగని ముక్క అది.

“పోయినసారి ఒకాయన పొద్దు గూకేదాకా ఇక్కడే ఉన్నాడు, పాపం. అన్నం ఆయన భార్యే వచ్చి తినిపించింది,” అని టైలరమ్మ ఇంకో పోగు వేసింది.

ఇంతలో మేనమామ కుడి జేబులో ఫోను మోగింది. ఎడమచేత్తో వంకర్లు తిరుగుతూ వెతికాడు. అందేలోపు ఆగిపోయింది.

“కొట్టు తెరిచి వచ్చానే! ఏం చేస్తే వదులుతావు?”

“ఒక్క మాట చాలు. మాస్టారి కుర్చీ ఏ మేడ ఎక్కాలో నువ్వే చెప్పు.”

మేనమామ మాస్టారి వైపు చూశాడు. కుర్చీలో కదలకుండా ఉన్న ఆ కాళ్లు చూశాడు. నోరు పెద్దదే గానీ మనిషి చెడ్డవాడు కాదు. చిన్నప్పుడు పిడుగును భుజాల మీద మోసి ఊరంతా తిప్పినవాడే. కోపం కాస్తా నీరుగారిపోయింది.

“సరేలే. నేను బతికున్నన్నాళ్లూ గది మీదే. బోర్డూ ఉండనీ. అడిగినవాడికి ఏదో ఒకటి చెప్పుకుంటాలే.”

“మాటేనా?”

“మాటంటే మాటే!” అంటూ ఆమె చేతిని పిప్పయ్యేలా నొక్కాడు.

పిడుగుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. టైలరమ్మ చప్పట్లు కొట్టింది. మాస్టారు కిటికీని వదిలేసి బాహాటంగా నవ్వారు.

“ఇక వెళ్లు మావయ్యా, కొట్టుకి ఆలస్యమవుతోంది.”

“వదిలితేగా వెళ్లడానికి! మాటిచ్చాను కదే, ఇంకా ఆ పట్టేమిటి?”

పిడుగు తన వేళ్ల వైపు చూసుకుంది. తర్వాత ఆయన వేళ్ల వైపు చూసింది. ఆమె మొహంలో అల్లరి మాయమైంది.

“మావయ్యా,” అంది మెల్లగా, “నువ్వు మాటివ్వగానే నేను వదిలేశాను. పట్టుకున్నది నువ్వు.”