పాట మధ్యలో లేచినాయన

గిటారు మొదలవగానే పెద్దన్న మళ్ళీ లేచాడు. అది మూడోసారి.

"మామా, ఇప్పుడే గదా పోయొచ్చినారు?" అంది కోడలు సౌజన్య, తల దించుకుని.

"వస్తాంటే ఏం జెయ్యల్లమ్మా?"

వరసలో ఏడుగురి మోకాళ్ళు దాటుకుంటూ, ఇద్దరి పాదాలు తొక్కుకుంటూ ఆయన బాత్‌రూమ్ వైపు నడిచాడు.

మాదాపూర్‌లో ఆ ఆరుబయలు వేదిక ముందు సాయంత్రం నుంచే జనం కిక్కిరిసి ఉన్నారు. 'సర్వర్ డౌన్' బ్యాండ్ గాయకుడు ఆకాష్ బైకు ప్రమాదంలో చనిపోయి ఆరు నెలలైంది. గోపన్‌పల్లిలో పుట్టి పెరిగినవాడు. పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సెలవుల్లో గిటారు, ఎక్కడ ధర్నా జరిగితే అక్కడ ప్రత్యక్షం. బ్యాండ్‌లో మిగిలిన నలుగురూ ఇవాళ అతని పాటలే వాయిస్తున్నారు. వెనక తెర మీద నాలుక బయటపెట్టిన ఆకాష్ ఫొటో. ఇంతకన్నా మర్యాదైన ఫొటో వాడిది ఒక్కటీ దొరకలేదని వాళ్ళే మైకులో ఒప్పుకున్నారు.

తెలంగాణ ఇస్తామని ఢిల్లీ ప్రకటించి రెండు నెలలు కావస్తోంది. పాటకూ పాటకూ మధ్య "జై తెలంగాణ" అని వేదిక దద్దరిల్లుతోంది.

ఆ జనంలో పెద్దన్న ఒక్కడే పంచె కట్టుకున్నాడు. కడప జిల్లా మనిషి. నల్లగండ్లలో కొడుకు దగ్గర ఉంటున్నాడు. రాక్ సంగీతమంటే ఏమిటో ఆయనకు తెలియదు. మొదటి పాటలో డ్రమ్ములు మోగగానే, "యాడో రేకులు కూలినట్టుండాయే" అని చుట్టూ చూశాడు. అయినా వస్తానని పట్టుబట్టింది ఆయనే. పేపర్లో వచ్చిన ఆకాష్ ఫొటో కత్తిరించి ఆరు నెలలుగా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు.

సౌజన్య ఒక్క షరతు మీద తీసుకొచ్చింది.

"ఎవరితోనూ మాట్లాడకూడదు మామా. మనమెవరో తెలియకూడదు."

"తెలిస్తే ఏమైతాది?"

"ఏమైనా కావచ్చు."

పెద్దన్న మళ్ళీ ఏడుగురినీ దాటుకుని వచ్చి కూర్చున్నాడు. మూతికున్న మాస్కు కిందికి లాగి సీసాడు నీళ్ళు గటగటా తాగాడు. తాగి, అమృతం పుచ్చుకున్నవాడిలా మొహం పెట్టాడు.

పక్కనే ఆకాష్ బొమ్మ ఉన్న నల్ల టీషర్టుతో కూర్చున్న చైతన్య ఇక ఉండబట్టలేకపోయాడు.

"పెద్దాయనా, జర నీళ్ళు తాగుడన్న బంద్ జెయ్యి. నీకు పుణ్యముంటది."

పెద్దన్న నవ్వి ఊరుకున్నాడు. షరతు గుర్తుంది మరి.

అప్పుడు వచ్చింది అందరూ ఎదురుచూస్తున్న పాట. 'మూటా ముల్లె సర్దుకో, ఎర్ర బస్సెక్కి పో.' ఉద్యమంలో ఆకాష్‌కు పేరు తెచ్చిన పాట. జనమంతా లేచి నిలబడ్డారు. ముందు వరసలో ఆకాష్ తల్లి పోచమ్మ కూడా లేచింది. పెద్దన్న కూడా లేచాడు.

గౌరవంతో లేచాడనుకుని చైతన్య ముచ్చటపడేలోపే ఆయన బాత్‌రూమ్ దారి పట్టాడు.

చైతన్య ఆయన భుజం పట్టుకుని అడ్డంగా నిలబడ్డాడు. "మా ఆకాషన్న పాట నడుస్తుంటే లేచి పోతవా?"

పెద్దన్న షరతు మరిచిపోయాడు. "పో పో అని పాడతాండేది మీరే గదా నాయనా. బస్సెక్కుదామంటే మా పక్క సమ్మె, బస్సుల్యాడ తిరుగుతాండాయి? అందుకే బాత్‌రూమ్‌కు పోతాండా."

ఆ మాట యాస విని నలుగురు తిరిగి చూశారు. ఇద్దరు నవ్వారు. చైతన్య నవ్వలేదు.

"ఓహో, అటుదిక్కోనివా! గందుకే మా నడుమ కూసుంటే వాసనొస్తున్నట్టు మూతికి గుడ్డ కట్టినవ్. గందుకే పాటపాటకు లేస్తున్నవ్. మమ్ముల ఎక్కిరియ్యనీకే వచ్చినవా?"

"సార్, ప్లీజ్, ఆయన్ని వదలండి," అంటూ సౌజన్య పరుగున వచ్చింది.

"ఇడువు నాయనా, ఆగేట్టు లేదు," అని పెద్దన్న భుజం విడిపించుకుని వెళ్ళిపోయాడు.

బయటికి వచ్చేసరికి బాత్‌రూమ్ తలుపు దగ్గర పదిమంది కాచుకుని ఉన్నారు. అరుపులకు వేదిక మీద పాట ఆగిపోయింది. జనాన్ని తోసుకుంటూ పోచమ్మ వచ్చింది. పొట్టి మనిషి. గోపన్‌పల్లిలో ఆమె నోటికి ఎదురు చెప్పినవాళ్ళు లేరు.

"నువ్వు ఊకో బిడ్డా," అంది చైతన్యతో. "పాట పాడింది నా కొడుకు, నువ్వు గాదు."

తర్వాత పెద్దన్న ముందు నిలబడింది.

"అన్నా, ఆర్నెల్ల సంది నా కొడుకు మెత్తనోడు, ఎవ్వల నొప్పియ్యలే అని అందరు అబద్ధాలే చెప్తున్నరు. ఇనీ ఇనీ నా చెవులు నొస్తున్నయ్. వాడు నిద్రల సుత లొల్లి జేసేటోడు. నువ్వన్న జర నిజం చెప్పు. నా కొడుకు మీద గంత కోపముంటే ఎందుకొచ్చినవ్?"

"వద్దు మామా," అని సౌజన్య చెయ్యి పట్టుకుంది.

పెద్దన్న ఆ చెయ్యి మెల్లగా తప్పించాడు. మాస్కు తీశాడు. తెర మీది నాలుక బొమ్మ వైపు ఒకసారి చూశాడు.

"కోపం యాడిది తల్లీ, రెండేండ్లు ఒంటేలు బొట్టు రాక మిషను మీద బతికినోన్ని ఇట్లా గంటకోసారి పరిగెత్తిస్తాండేది నీ కొడుకు కిడ్నీనే గదా!"