పాలు పొంగిన వీడియో

పెన్ డ్రైవ్‌లోకి లైనక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కడం లేదు. సగం దాకా పోతుంది, మొరాయిస్తుంది.

"అయిందారా?" మంచం మీద నుంచి కనకరాజు అడిగాడు.

"జర ఆగు నాయినా, అయితది."

పక్షవాతం వచ్చినప్పటి నుంచి కనకరాజు కంప్యూటర్ ముందు కూర్చోలేడు. గృహప్రవేశం వీడియోను టీవీలో చూడాలని ఆయన ఆశ. అందులో, ఇప్పుడు లేని సారలమ్మ పాలు పొంగిస్తూ భర్తను చూసి నవ్వుతుంది. సీడీ ఎప్పుడో గీతలు పడి పాడైంది. మిగిలింది ఈ పాత కంప్యూటర్‌లోని కాపీ ఒక్కటే.

పెన్ డ్రైవ్‌లో లైనక్స్ మీడియా సెంటర్ పెట్టుకుంటే ఎంత పాత డబ్బా అయినా టీవీలో వీడియోలు చూపిస్తుందని ఆఫీసులో ఎవరో చెప్పారు. ఆదివారం పొద్దున్నే కొడుకు శివ కూర్చున్నాడు.

గేటు చప్పుడైంది. భుజాన సంచితో ఎవరో పెద్దమనిషి. మాట్లాడుతుంటే ఒక కన్ను మూసుకుపోతోంది.

"సారలమ్మక్క ఇల్లు గిదే గదా తమ్మీ? అక్క వీడియో మీ తాన ఉన్నదా?"

పాత క్యాసెట్లను సీడీలు చేస్తామంటూ నాచారంలో ఇల్లిల్లూ తిరిగేవాళ్లకు కొదవలేదు. శివకు ఒళ్లు మండింది.

"కంప్యూటర్ల ఉన్నది. మాకేం వద్దన్నా."

"మంచిగనే ఉన్నదా? ఒక్కసారి సూస్కో..."

"ఉన్నదంటున్న గదా! పనిల ఉన్న, పో అన్నా."

"ఉంటే సాలు తమ్మీ."

ఆయన వెళ్లిపోయాడు.

శివ విసురుగా వచ్చి కూర్చున్నాడు. దేనిలోకి ఎక్కించాలని తెర అడిగింది. రెండు పేర్లు చూపించింది. చదవకుండానే మొదటిది నొక్కాడు. అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది, సరేనా అంది. పొద్దస్తమానం కంప్యూటర్ అడిగినదానికల్లా సరే కొట్టే సాఫ్ట్‌వేర్ చెయ్యి అది. కొట్టేసింది.

ఈసారి ఎక్కడా ఆగలేదు. టీవీ వెలిగింది. కనకరాజు దిండు మీద నుంచి తల ఎత్తాడు.

వీడియోలు ఒక్కటీ లేవు.

లైనక్స్ ఎక్కింది పెన్ డ్రైవ్‌లోకి కాదు, అమ్మ ఉన్న హార్డ్ డిస్క్‌లోకి.

మర్నాడు హబ్సిగూడలో రిపేరు చేసేవాళ్లు పెదవి విరిచారు. వీడియో మీదే కొత్తది రాసేసింది, ఇక రాదన్నారు. శివ ఆ మాట తండ్రికి చెప్పలేక చెప్పాడు. కనకరాజు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అటు నుంచే అడిగాడు.

"నిన్న వచ్చిందెవరురా? ఎరికైన గొంతు లెక్కున్నది."

"ఎవరో నాయినా. మాట్లాడితే ఒక కన్ను మూస్తున్నడు."

"బిక్షపతి గాదురా! ఉప్పల్ల స్టూడియో. మన వీడియో తీసినాయన!"

శివ బండి తీశాడు. అంతటి మనిషిని గేటు కూడా దాటనివ్వలేదని దారంతా సిగ్గుతో చచ్చిపోయాడు.

"మాఫ్ చెయ్ అన్నా. అమ్మ వీడియో పోయింది. క్యాసెట్ ఉన్నదా?"

బిక్షపతి చేతిలోని కెమెరా మెల్లగా బల్ల మీద పెట్టాడు.

"కొత్త క్యాసెట్లు దొర్కుత లేవు తమ్మీ. పాతవాటి మీదనే మళ్ల ఎక్కిస్తున్న. ఆ దినం సుట్టాలకన్న ముందుగాల నాకు అన్నం పెట్టిందని, అక్క క్యాసెట్ ఒక్కటే ఇన్నేండ్లు ముట్టలే. మీ తాన ఉన్నదంటివని నిమ్మలపడి, నిన్ననే దాని మీద ఎవరిదో పెండ్లి ఎక్కిచ్చిన."