గీత తప్పిన చెయ్యి

“గీత మీద కోయమన్నాను సార్, గీత పక్కన కాదు!” చెక్కపని సామాన్ల దుకాణం ఆవిడ నవ్వుతూనే అంది.

డాక్టరు రంపం దించి చెక్క వంక చూశాడు. పెన్సిలు గీత ఒక దారిన ఉంది, కోత ఇంకో దారిన పోయింది.

“మీ రంపమే బాగా లేదేమో,” అంది పక్కనే ఉన్న భార్య. “మావారు కంటి డాక్టరు. వెంట్రుక కన్నా సన్నటి దారంతో కంట్లో కుట్లు వేస్తారు. ఈయన చెయ్యి తప్పడమేమిటి, విడ్డూరం కాకపోతే!”

డాక్టరు రంపం పక్కన పెట్టాడు. కుడిచెయ్యి తీసి ప్యాంటు జేబులో పెట్టుకున్నాడు.

ఇంటి వెనక గదిలో ఆయన సరదాగా చెక్కపని పెట్టుకున్నాడు. మనవరాలి బట్టల కోసం సొరుగుల బల్ల ఒకటి చేస్తున్నాడు. సొరుగు మూలల్లో ఒక పలక పళ్ళు ఇంకో పలక సందుల్లో దూరి గట్టిగా పట్టుకోవాలి. పావురం తోకలా విచ్చుకుని ఉంటాయని వాటిని డవ్‌టెయిల్ అంటారు. ఇప్పటికి మూడు సొరుగులు చేస్తే మూడూ వదులే. చేత్తో లాభం లేదని, చెక్కని బిగించి పళ్ళు కోయించే జిగ్ కొనడానికి వచ్చాడు.

ఆవిడ రెండు జిగ్‌లు తెచ్చి బల్ల మీద పెట్టింది.

“ఇది ఇనప దువ్వెన లాంటిది సార్. పళ్ళన్నీ ఒకే కొలత. చెక్క బిగించి, పళ్ళు కోసే రౌటర్ మిషను తోసుకుంటూ పోవడమే. ఈ రెండోదాంట్లో ఏ పన్నుకాపన్ను జరుపుకోవచ్చు. ఒకటి లావుగా, ఒకటి సన్నగా. చూసినవాళ్ళు చేత్తో కోశారనే అనుకుంటారు.”

“రెండోదే ఇవ్వండి,” అన్నాడు డాక్టరు చటుక్కున.

“ముందు ఒక పన్ను జరిపి చూడండి. మరలు బాగా చిన్నవి.”

భార్య సొరుగులకి పిడులు చూస్తానంటూ దుకాణం ఆ చివరికి వెళ్ళింది. డాక్టరు స్క్రూడ్రైవరు అందుకున్నాడు. దాని మొన మర గాడిలో నిలవలేదు. జిగ్ అంచుకి తగిలి టకటకమని చప్పుడు చేసింది. ఎడమచేత్తో మణికట్టు పట్టుకుని మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ అదే చప్పుడు.

దుకాణం ఆవిడ గొంతు తగ్గించింది. “ఎన్నాళ్ళనుంచి సార్?”

“ఏది?”

“ఈ వణుకు.”

డాక్టరు ఒకసారి భార్య ఉన్న వైపు చూశాడు. “ఆరు నెలలు. మా ఆవిడకి కూడా తెలీదు.”

ఆవిడ ఇంకేమీ అడక్కుండా మొదటి జిగ్‌ని ముందుకి జరిపింది. రెండు పలకలు బిగించి రౌటర్ ఆయన చేతికిచ్చింది. చెయ్యి అటూ ఇటూ పోబోయినా ఇనప పళ్ళు పోనివ్వలేదు. పని అయ్యాక ఆవిడ పలకలు విప్పి, ఒకదానిలో ఒకటి పెట్టి, కొయ్యసుత్తితో రెండు దెబ్బలు వేసింది. గోరు దూరే సందు కూడా లేదు.

“చూశారా? ఇది ఉంటే మీ చెయ్యి సంగతి ఎవరికీ తెలీదు.”

సంతోషించాల్సిన మనిషి మొహం వాడిపోయింది. ఆ మూలని వేలితో తడుముతూ, “కంటికి ఇలాంటిది లేదమ్మా,” అన్నాడు.

“అయ్యో, ఇంకా ఆపరేషన్లు చేస్తున్నారా?”

“రేపు అయిదున్నాయి.” ఆయన తలెత్తలేదు. “మణికట్టు పేషెంటు నుదుటికి ఆనిస్తే వణుకు ఆగుతుంది. ఎప్పుడూ ఆగుతుందనే అనుకున్నాను. మూడు నెలల కిందట ఆగలేదు. రిటైరైన పాటల టీచరు ఆవిడ. బల్ల మీద పడుకుని కూడా కూనిరాగం తీస్తోంది. ఒక్క క్షణం నా చెయ్యి అదిరింది. ఆ కంటికి ఇక చూపు రాలేదు.”

రౌటర్ తీగ చుడుతున్న ఆవిడ ఆగిపోయింది. తలెత్తి అడిగింది. “వాళ్ళింట్లో వాళ్ళకి ఏం చెప్పారు?”

“చుక్కల మందు వేళకి వేసి ఉండరు, అందుకే కన్ను చెడింది అన్నాను. వాళ్ళబ్బాయి తల వంచుకుని, ‘తప్పు మాదేనండీ’ అని నాకు దండం పెట్టి మరీ వెళ్ళాడు. ఆ దండం గుర్తొస్తే ముద్ద దిగదు.”

తీగ ఆవిడ చేతిలోంచి జారి కింద పడింది. ఆ మాట పైకి అనేశాక డాక్టరు ఇక ఆగలేకపోయాడు. ఫోన్ తీసి ఆసుపత్రికి చేశాడు.

“రేపటి ఆపరేషన్లు చిన్న డాక్టరుగారికి ఇచ్చెయ్యండి. లేదు, రేపొక్కటే కాదు. ఇక నేను కత్తి పట్టుకోను. ఎందుకన్నది సాయంత్రం మన పెద్ద డాక్టరుగారి దగ్గరికి వచ్చి నేనే చెప్తాను. అంతా చెప్తాను.”

“ఏమండీ, ఏమిటా మాటలు?” రెండు ఇత్తడి పిడులతో తిరిగొచ్చిన భార్య గాభరాగా అడిగింది.

ఆయన కుడిచెయ్యి చాపి బల్ల మీద పెట్టాడు. అది అలా వణుకుతూనే ఉంది. భార్య దాన్ని చూసింది. పిడులు పక్కన పెట్టి, ఆ చేతిమీద తన చెయ్యి వేసింది.

డాక్టరు జిగ్‌ల వైపు చూపించాడు. “ఆ మొదటిదే కట్టివ్వమ్మా,” అన్నాడు దుకాణం ఆవిడతో. “ఆ టీచరుగారింటికి కూడా వెళ్తాను. వాళ్ళబ్బాయికి నిజం చెప్పేస్తాను.”

ఆవిడ జిగ్‌ని ముట్టుకోలేదు. ముంజేత్తో కళ్ళు తుడుచుకుంది.

“ఆసుపత్రికి వచ్చిన మా అన్నయ్యకి తర్వాత చెబుదురుగాని, నాకింకోసారి చెప్పండి సార్,” అంది. “మూడు నెలలుగా మా అమ్మ మొహం చూడలేక చస్తున్నాను... రోజూ ఆ చుక్కలు వేసింది నేనే.”